పిల్లలతో బేకింగ్‌కు ఓటీజీ: గాజు తలుపు చేసిన మేలు, థర్మోస్టాట్ పెట్టిన తంటా

బేకింగ్ మీద సరదా ఉన్న పెద్దవాళ్లు ఓటీజీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్లర్ మూడూ కలిసిన కరెంటు పొయ్యి) కొనేటప్పుడు చూసుకునే విషయాలు వేరు, ఆరేళ్ల పాపనూ నాలుగేళ్ల బాబునూ పక్కన నిలబెట్టుకొని వండుదామనుకునే వాళ్లు చూసుకోవలసినవి వేరు. విజయవాడ బందరు రోడ్డులోని ఒక గృహోపకరణాల దుకాణంలో, వేసవి సెలవులకు ముందు మేము కొన్న 28 లీటర్ల ఓటీజీని ఈ రెండో దృష్టితోనే సమీక్షిస్తున్నాను. ధర 7,000 రూపాయలకు కాస్త పైన పడింది. కంపెనీ పేరు రాయడం లేదు; నేను చెప్పబోయే మంచిచెడ్డల్లో చాలా భాగం ఈ ధరలో, ఈ పరిమాణంలో దొరికే వాటికి ఉమ్మడిగా ఉండేవే కాబట్టి పేరుతో పెద్దగా పని లేదు. పిల్లలున్న ఇంటికి ఇది తగిన వస్తువేనని ముందే చెప్పేస్తాను. అయితే పెట్టె మీద అచ్చువేసిన ఫంక్షన్లూ లీటర్లూ చూసి మురిసిపోనక్కరలేదు. మా పిల్లల విషయంలో దీని విలువంతా ముందరి గాజు తలుపు వల్లా, లోపల వెలిగే చిన్న బల్బు వల్లా వచ్చింది.

ఓవెన్ లేనంత మాత్రాన మన ఇళ్లలో కేకులు ఆగిపోలేదు. కుక్కర్ అడుగున ఇసుకో గళ్లుప్పో పోసి, గాస్కెట్టునూ విజిలునూ తీసేసి, చిన్న స్టాండు మీద కేకు గిన్నె ఉంచి, సన్నని సెగ మీద ముప్పావుగంట కాల్చే పద్ధతి మా అత్తగారికి ఇప్పటికీ చేతిలో ఉన్న విద్యే. ఆవిడ కాపురానికి వచ్చిన కొత్తలో ఇంట్లో మూతకు గాజుబిళ్ల బిగించిన గుండ్రటి అల్యూమినియం ఎలక్ట్రిక్ ఓవెన్ కూడా ఉండేదట. ఇంకా వెనక్కి వెళితే, మందపాటి ఇత్తడి గిన్నెలో మినపపిండి వేసి, కింద సెగ పెట్టి, మూత మీద నిప్పులు పరిచి కాల్చిన దిబ్బరొట్టె ఉండనే ఉంది. పైన ఒక జత, కింద ఒక జత రాడ్లతో ఓటీజీ చేసేది కూడా సరిగ్గా ఆ పనే. కాబట్టి ఈ పరికరం లేకపోతే పిల్లలకు కేకు చేసిపెట్టలేమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

పిల్లలు కూడా వంటలో చెయ్యి పెట్టినప్పుడే తేడా తెలుస్తుంది. కుక్కర్ మూత పెట్టేశాక వాళ్లకు చూడడానికి ఏమీ మిగలదు. పిండి జల్లించి, అరటిపండు చిదిమి, గిన్నెకు నెయ్యి రాసిన ఉత్సాహమంతా ఐదు నిమిషాల్లో చల్లారి, "అయిందా, అయిందా" అనే వేధింపుగా మారుతుంది. వాళ్ల పోరు పడలేక మధ్యలో మూత తీశామా, ఇంకా గట్టిపడని కేకు నడుమ కుంగిపోతుంది. ఎయిర్ ఫ్రయ్యర్ చాలావాటికి బుట్ట నల్లగా మూసుకొని ఉంటుంది, పైగా ఫ్యాను గాలికి పల్చటి పిండి ఒక పక్కకు తోసుకుపోతుంది. కన్వెక్షన్ మైక్రోవేవ్ బాగానే కాలుస్తుంది గానీ, ధర దాదాపు రెట్టింపు. చిల్లుల జాలీ వేసిన దాని తలుపులోంచి లోపల ఏం జరుగుతోందో పిల్లలకు మసకమసకగా తప్ప కనబడదు.

ఓటీజీ ముందు మా పిల్లలు ముక్కాలిపీటల మీద కూర్చుంటారు. అరటిపండు కేకు టిన్ను లోపల పెట్టిన పది, పన్నెండు నిమిషాలకు అంచులు ముందుగా గట్టిపడి, మధ్యభాగం ఇంకా వణుకుతూ ఉండడం కనిపిస్తుంది. లోహానికి ఆనుకున్న పిండికి వేడి ముందు అందుతుంది, నడిమి పిండికి ఆలస్యంగా చేరుతుంది. అందుకే అంచులు బిగిశాక కూడా మధ్యలో గాలిబుడగలు వ్యాకోచిస్తూ పైకి తోసి, చివరకు పైపొరను పగలగొడతాయి. ఆ పగులు ఎక్కడ వస్తుందో ముందే పందెం వేసుకోవడం మా ఇంట్లో ఒక ఆట అయిపోయింది. రాగి బిస్కెట్లయితే ఇంకా త్వరగా కథ నడుస్తుంది: మొదట నెయ్యి కరిగి బిళ్లలన్నీ మెరుస్తాయి, తర్వాత కాస్త పరుచుకుంటాయి, ఆ పైన మెరుపు పోయి పొడిబారతాయి, ఆఖరున అంచుల రంగు ముదురుతుంది. రాగిపిండి ముందే ముదురు రంగుది కాబట్టి రంగును బట్టి అయిందో లేదో పట్టుకోవడం పెద్దవాళ్లకూ కష్టమే. అయితే మెరుపు పోవడాన్ని మా పాప నాకంటే ముందే కనిపెడుతుంది.

ఈ వినోదమంతా బల్బు ఉన్నందువల్లే సాధ్యమైంది. తక్కువ ధర మోడళ్లలో కొన్నింటికి ఈ దీపం ఉండదు. ఎర్రగా కాలే రాడ్ల వెలుగే దిక్కు, రాడ్లు ఆరినప్పుడు లోపల చీకటి. మా దానిలో బల్బు కుడిపక్క గోడలో ఉంది. కాంతి మరీ ఎక్కువేమీ కాదు గానీ, వంటింటి ట్యూబులైటు ఆర్పేస్తే చక్కగా కనబడుతుంది.

ఇక భద్రత సంగతి. గాజు తలుపు చూడడానికి ఎంత బాగుంటుందో తాకితే అంత ప్రమాదం. బయటి రేకు, పైభాగం, గాజు, అన్నీ బాగా వేడెక్కుతాయి. 60 డిగ్రీల వేడి తగిలితే కొన్ని సెకన్లలోనే చర్మం కాలుతుంది, పిల్లల చర్మం పలచన కాబట్టి వాళ్లకు ఆ కాస్త వ్యవధి కూడా ఉండదు. మరొక సంగతి నేను ఏ ప్రకటనలోనూ చదవలేదు. ఓటీజీ తలుపు కింది అంచున మడతబందులతో ఉండి, ముందుకు వాలుతుంది. మన వంటింటి గట్లు సాధారణంగా రెండు ముప్పావు అడుగుల ఎత్తున ఉంటాయి. నాలుగేళ్ల పిల్లవాడి ఎత్తు మూడడుగుల పైచిలుకు. అంటే ఓటీజీని గట్టు మీద పెట్టి తలుపు తెరిచామంటే, సలసల కాగే ఆ గాజు పలక సరిగ్గా పిల్లవాడి ముఖం ఎదుటికి వస్తుంది. అందువల్ల మేము దాన్ని గట్టు చివర కాకుండా గోడ మూలకు, వెనకా పక్కలా జానెడు ఖాళీ వదిలి పెట్టాము. గట్టుకు రెండడుగుల దూరంలో నేల మీద సుద్దముక్కతో గీత గీసి, తలుపు తెరిచేటప్పుడు పిల్లలెవరూ ఆ గీత దాటి రాకూడదని కట్టడి చేశాము. పాప ఆ గీతను ముగ్గుగా మార్చేసింది, కానీ దాటదు. తలుపు తీయడం, ట్రే పెట్టడం, తీయడం పూర్తిగా పెద్దల పని. ఈ ఒక్క విషయంలో మాత్రం బతిమాలినా నేను మెత్తబడను. ఎప్పుడైనా చెయ్యి కాలితే టూత్‌పేస్టో పసుపో పూయకుండా, మంచుగడ్డ పెట్టకుండా, 20 నిమిషాల పాటు కుళాయి నీటి ధార కింద ఉంచాలన్నది ఇంట్లో అత్తగారితో సహా అందరికీ తెలిసి ఉండాలి.

అసలు గొడవంతా లోపలి వేడిని అదుపు చేసే థర్మోస్టాట్‌తో. నాబ్ మీద 180 అని ఉన్నచోట తిప్పి, విడిగా కొన్న ఓవెన్ థర్మామీటర్ లోపల వేలాడదీసి చూస్తే, ముల్లు ఒకసారి 200 దాకా పోయి, రాడ్లు ఆరాక 165 దాకా దిగి, మళ్లీ పైకి ఎక్కుతుంది. వేడికి వ్యాకోచించి కరెంటును తెంచి, చల్లారాక మళ్లీ కలిపే సాధారణ యంత్రాంగం నుంచి ఇంతకుమించి ఆశించలేమేమో గానీ, 180 అని నమ్మి బిస్కెట్లు పెట్టిన వాళ్లకు అడుగు మాడుతుంది. వెనక కుడిమూల ఇంకా వేడి. అక్కడి బిస్కెట్లు ముందు వరుస కంటే రెండు, మూడు నిమిషాలు ముందే ఎర్రబడతాయి. లోపలి చోటు చిన్నది కావడంతో రాడ్లు తినుబండారానికి మరీ దగ్గరగా ఉంటాయి. ఎత్తుగా పొంగే కేకు నెత్తి పై రాడ్లకు దగ్గరై నల్లబడుతుంది. వీటన్నింటికీ విరుగుళ్లు ఉన్నాయి: రాక్‌ను ఒక మెట్టు కిందికి దింపడం, సగం సమయం గడిచాక ట్రేను అటుది ఇటు తిప్పడం, కేకు పొంగడం ఆగాక పైన అల్యూమినియం ఫాయిల్ వదులుగా కప్పడం. విరుగుడు ఉంది కదా అని లోపాన్ని లోపం కాదనలేము. 300 రూపాయల చిల్లరకు దొరికే థర్మామీటర్ చెప్పే నిజం, వేల రూపాయల పరికరం నాబ్ చెప్పకపోవడం నాకు రుచించలేదు.

వంటల పుస్తకాల్లోని కొలతల చిక్కు కూడా దీనికి తోడవుతుంది. విదేశీ వంటకాల్లో 350 అని కనిపించేది ఫారెన్‌హీట్. అది మన లెక్కలో సుమారు 177 డిగ్రీలు. కప్పు అంటే అక్కడ 240 మిల్లీలీటర్లు. అందులో మైదా సుమారు 125 గ్రాములు పడితే, పంచదార 200 గ్రాములు పడుతుంది. ఇంట్లో టీ కప్పుతో కొలిచి కేకు అట్టులా వచ్చిందని ఓటీజీని తిట్టుకునేవాళ్లు మా అపార్టుమెంటులో ఉన్నారు. దీనికి ఉపాయంగా చిన్న కిచెన్ తూకం కొనడం మేలు. అది పిల్లలకు బొమ్మ కంటే ఎక్కువ. గిన్నె పెట్టి అంకె సున్నాకు తెచ్చి, 150 వచ్చేదాకా చెంచాతో పిండి వేస్తూ, 147 దగ్గర ఊపిరి బిగపట్టి చిటికెడు చిటికెడు వేసే పాపను చూస్తే, ఈ సరంజామా మొత్తంలో ఆ తూకమే ఎక్కువ పాఠం చెప్పిందేమో అనిపిస్తుంది.

టైమరు గురించి రెండు మాటలు. 60 నిమిషాల దాకా తిరిగే ఈ నాబ్ గడియారంలా టిక్కుటిక్కుమని తిరిగి, చివర గంట కొడుతుంది. ఆ గంట కోసమే మా బాబు కాచుకొని ఉంటాడు. పది నిమిషాలకు పెట్టాలంటే ముందు ఇరవై దాకా తిప్పి వెనక్కి తీసుకురావాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. నాబ్‌ను ఎడమపక్కకు తిప్పితే ఆగకుండా వేడెక్కుతూనే ఉండే అమరిక కూడా ఇచ్చారు. పిల్లలున్న ఇంట్లో అది అక్కరలేని సదుపాయమే కాదు, అపాయం కూడా. వంట అయిపోగానే గోడ స్విచ్చు ఆపి, ప్లగ్గు ఊడదీయడం తప్ప మార్గం లేదు.

ఓటీజీ తయారుచేసినవాళ్లకు తెలియనిది, విజయవాడలో వంట చేసేవాళ్లకు బాగా తెలిసినది ఒకటుంది: మే నెల. వంటకం పుస్తకం "గది ఉష్ణోగ్రతలో ఉన్న వెన్న" అంటుంది. ఆ రాసినవాళ్ల గదిలో 20 డిగ్రీలు ఉంటాయి. మన దగ్గర బయట 40 దాటడం మామూలే, వంటింట్లో 35కు తగ్గదు, వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్యనే కరిగిపోతుంది. పైగా పిల్లల అరచేతుల వేడి. నాలుగు బిళ్లలు ఒత్తేసరికి పిండి నూనె కక్కుతుంది, ఆ పిండిని అలాగే ఓవెన్‌లో పెడితే బిస్కెట్లన్నీ ఒకదానిలోకి ఒకటి పాకి ఒకే పెద్ద అట్టు అవుతాయి. అందుకని పిండి కలిపాక అరగంట, బిళ్లలు ఒత్తి ట్రేలో సర్దాక మరో పావుగంట ఫ్రిజ్‌లో ఉంచడం ఇక్కడ తప్పనిసరి. ఆ చల్లని ట్రే సరాసరి వేడి ఓవెన్‌లోకి వెళితే బయటి అంచు ముందుగా బిగిసి, ఆకారం నిలుస్తుంది. గవర్నర్‌పేటలో బేకరీ సామాను అమ్మే దుకాణంలో అడిగితే, వేసవికి వెన్న వద్దు, నూనెలతో చేసే వెన్నలాంటి మార్జరిన్ వాడండి అంటారు. అది వెన్న కంటే ఎక్కువ వేడికి గానీ కరగదు కాబట్టి బేకరీల వాళ్లకు అనుకూలమన్నది నిజమే. నూనెలూ కొవ్వుల్లో గుండెకు చేటుచేసే ట్రాన్స్‌ఫ్యాట్ 2 శాతానికి మించకూడదన్న నిబంధన 2022 జనవరి నుంచి దేశంలో అమల్లో ఉంది కాబట్టి మునుపటంత భయమూ లేదు. అయినా ఇంట్లో పిల్లల కోసం చేసుకునేదానికి నేను వెన్ననూ నెయ్యినీ వదలను; రుచి తేడా మొదటి ముక్కలోనే తెలుస్తుంది.

మా ఇంట్లో నిలిచిపోయిన లెక్క ఇది. 100 గ్రాముల రాగిపిండి, 50 గ్రాముల గోధుమపిండి, 75 గ్రాముల నెయ్యి, 70 గ్రాముల బెల్లం పొడి, అర టీస్పూను బేకింగ్ పౌడర్, రెండు యాలకులు, కలవడానికి చాలినన్ని పాలు. రాగిలో పిండిని పట్టి ఉంచే గ్లూటెన్ ఉండదు కాబట్టి ఒట్టి రాగిపిండితో చేస్తే బిస్కెట్ చేతిలో పొడైపోతుంది. ఆ పట్టు కోసమే గోధుమపిండి. 170 దగ్గర, మా నాబ్ లెక్కలో అయితే 155 దగ్గర, పద్నాలుగు పదిహేను నిమిషాలు. బయటికి తీసినప్పుడు మెత్తగానే ఉంటాయి, చల్లారాక గానీ కరకరలాడవు. ఆ చల్లారే పావుగంటే పిల్లలకు అన్నింటికంటే కఠినమైన పరీక్ష. బెల్లంలో తేమ ఉండడం వల్ల వానాకాలంలో రెండో రోజుకే మెత్తబడతాయి. అప్పుడు ఓటీజీలో 120 దగ్గర ఐదారు నిమిషాలు ఉంచితే మళ్లీ దారికి వస్తాయి. జీడిపప్పు వేయదలిస్తే చిన్నవాళ్ల గొంతుకు అడ్డుపడకుండా పొడిలా దంచి వేయడం మంచిది.

పండగ పిండివంటల్లో ఓటీజీ ఎంతవరకు పనికివస్తుందని మా అత్తగారు పట్టుబట్టి పరీక్షించారు. కజ్జికాయలు బాగా కుదిరాయి: అచ్చులో ఒత్తిన వాటి మీద నెయ్యి పూసి, మధ్యలో ఒకసారి తిప్పితే, నూనెలో వేయించినంత గుల్లగా కాకపోయినా, చక్కగా పెళుసుగా వచ్చాయి. అచ్చు మూసి అంచులు తుంచే పని నాలుగేళ్లవాడికి సరిగ్గా సరిపోయింది. గవ్వల చెక్క మీద గవ్వలు ఒత్తడం పిల్లలకు ఎంత ఇష్టమైనా, కాల్చిన గవ్వలు రాళ్లలా గట్టిపడ్డాయి. బెల్లం పాకం పట్టిస్తేనే గానీ తినలేకపోయాము. జంతికలు అసలు పెట్టవద్దు. నూనెలో వేసినప్పుడు లోపలి తేమ ఒక్కసారిగా ఆవిరై గుల్లబారే వంటకం అది, పొడి వేడిలో ఎండిపోవడమే తప్ప విచ్చుకోదు. "దీనికంటే ఎండలో పెట్టినా సరిపోయేది" అన్నారావిడ. దిబ్బరొట్టె సగం నెగ్గింది: లోపల మెత్తగా ఉడికింది గానీ, పొయ్యి మీద మందపాటి మూకుడు ఇచ్చే ఎర్రటి మాడు చెక్క రాలేదు. మే నెల ఎండ ఒక్క విషయంలో కలిసి వచ్చింది. ఈస్టు కలిపిన బన్ను పిండి, పుస్తకాల్లో చెప్పిన గంటన్నర అక్కరలేకుండా, ముప్పావుగంటలోనే రెట్టింపు పొంగింది. మధ్యాహ్నం నిద్రపుచ్చే ముందు పిల్లలకు చూపించి తడిబట్ట కప్పిన పిండి, వాళ్లు కళ్లు తెరిచేసరికి గిన్నె అంచు దాటి పోయేది కాబట్టి, చివరకు నిద్రే మానుకున్నారు.

కార్తీకమాసంలోనూ శనివారాల్లోనూ మా ఇంట్లో గుడ్డు ఉండదు. ఆ రోజుల్లో పెరుగు, వంటసోడా మీదే భారం. 150 గ్రాముల పిండికి 120 గ్రాముల పెరుగు, బాగా మాగిన రెండు చక్కెరకేళి పళ్లు, 100 గ్రాముల బెల్లం, 80 మిల్లీలీటర్ల నూనె, అర టీస్పూను వంటసోడా, ఒక టీస్పూను బేకింగ్ పౌడర్ సరిపోతాయి. పెరుగులో సోడా వేయగానే "అమ్మా, పొయ్యి లేకుండానే పొంగుతోంది!" అని పాప కేక పెట్టింది. పెరుగులోని పులుపు సోడాతో కలిసి కార్బన్ డయాక్సైడ్ వాయువు విడుదల కావడమే ఆ పొంగు. ఆ బుడగలు పోకముందే పిండిని టిన్నులో పోసి, ముందుగా వేడెక్కించిన ఓవెన్‌లో పెట్టాలి. పులుపు చాలకపోయినా, సోడా ఎక్కువైనా సబ్బు రుచి వస్తుంది. గరిటెకు అంటుకున్న పిండిని నాకే అలవాటు మాత్రం మాన్పించవలసిందే; గుడ్డు వేయకపోయినా పచ్చి పిండిలో ఈ.కోలై వంటి క్రిములు ఉండవచ్చు, గుడ్డు వేస్తే సాల్మొనెల్లా భయం అదనం. మా పిల్లలకు ఆ గరిటె బదులు కాస్త చిదిమిన అరటిపండు చేతిలో పెడుతున్నాను.

కరెంటు విషయంలో కొనేముందే ఆలోచించుకోవలసింది ఎక్కువ. ఇది 1,500 వాట్లు లాగుతుంది కాబట్టి 16 ఆంపియర్ల పెద్ద సాకెట్టు కావాలి. పాత అపార్టుమెంట్లలో అటువంటి సాకెట్టు వంటింట్లో ఒక్కటే ఉంటుంది, దాన్ని ఫ్రిజ్జో గీజరో ఆక్రమించి ఉంటుంది. వైరు మూడడుగులైనా లేదు, ఎక్స్‌టెన్షన్ బాక్సు పెడితే వేడెక్కుతుంది. మేము ఎలక్ట్రీషియన్‌ను పిలిచి వేరే సాకెట్టు వేయించుకోవలసి వచ్చింది, ఆ ఖర్చు కూడా ధరలో కలుపుకోవాలి. బిల్లు భయం మాత్రం అక్కరలేదు: అరగంట ఆగకుండా వెలిగినా ముప్పావు యూనిట్టు, రాడ్లు మధ్యమధ్యలో ఆరుతుంటాయి కనుక నిజానికి అంతకూడా కాదు. ఇంటి ఇన్వర్టరు దీన్ని మోయలేదు. కేకు సగంలో ఉండగా కరెంటు పోతే తలుపు తీయకుండా వదిలేయడమే మంచిది. లోపలి వేడి కాసేపు నిలుస్తుంది. పది నిమిషాల్లో కరెంటు వస్తే కేకుకు పెద్దగా నష్టం ఉండదు.

పెట్టెలో వచ్చిన సామాను గురించి గొప్పగా చెప్పలేను. నల్లటి ట్రే పల్చటి రేకుది. 200 దాటగానే ఠప్పున వంకరపోయి, మొదటిసారి పిల్లలను అదరగొట్టింది. వైరు రాక్ బాగుంది, ట్రే పట్టుకునే పటకారు అంతకంటే బాగుంది. కోడిని గుచ్చి తిప్పే చువ్వ ఇప్పటికీ ప్లాస్టిక్ సంచిలోనే ఉంది. కేకు టిన్ను ఇవ్వలేదు. ఏడంగుళాల అల్యూమినియం టిన్ను వన్‌టౌన్‌లో కొనుక్కున్నాము. వాడకం పుస్తకంలో తెలుగు ఒక్క అక్షరం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఇన్ని ఇళ్లకు అమ్ముతూ, వేడెక్కినప్పుడు తాకకూడని భాగాలేవో నాలుగు తెలుగు వాక్యాల్లో వేయకపోవడాన్ని నేను చిన్న లోపంగా తీసుకోను, ఎందుకంటే పగలంతా పిల్లలతో ఇంట్లో ఉండేది నానమ్మలే. టైమరు నాబ్ వదులైనప్పుడు సర్వీసు కేంద్రానికి ఫోన్ చేస్తే రేపు, ఎల్లుండి అంటూ వారం దాటించారు; వచ్చిన మనిషి మాత్రం ఐదు నిమిషాల్లో బాగుచేసి, పైసా తీసుకోకుండా వెళ్లాడు. శుభ్రం చేయడం తేలిక. అడుగున జారే పళ్లెం లాగి తుడిస్తే చాలు, కానీ బెల్లం పాకం కారినప్పుడు వెంటనే తుడవకపోతే తర్వాతిసారి ఇల్లంతా పొగ.

నన్ను మార్కులు వేయమంటే ఐదుకు మూడున్నర వేస్తాను. పోయిన ఒకటిన్నరలో ఒకటి పూర్తిగా థర్మోస్టాట్‌దే. ముగ్గురు నలుగురున్న కుటుంబానికి, వారానికి ఒకసారి పిల్లలతో బిస్కెట్లో కేకో చేసుకునేవాళ్లకు 28 లీటర్లు ఎక్కువే, 18 నుంచి 20 లీటర్లదైనా సరిపోతుంది. ఫ్యానూ తిరిగే చువ్వా లేకపోయినా లోటు ఉండదు. రెండేళ్లలోపు పసివాళ్లు పాకుతూ తిరిగే ఇంట్లో, పెద్ద సాకెట్టు ఎత్తైన చోట లేకపోతే, ఇంకో ఏడాది కుక్కర్ కేకుతోనే గడపమంటాను. కొనడానికి వెళ్లినప్పుడు పిల్లలను వెంట తీసుకెళ్లి, దుకాణంలో ప్లగ్గు పెట్టించి, బల్బు వెలిగించి చూపించమనండి. గాజు ఎంత వెడల్పు ఉందో, తలుపు మధ్యలో ఆగుతుందా లేక చెయ్యి వదిలితే దబ్బున పడుతుందా, పైన ఉన్న నాబ్‌లు పిల్లల చేతికి అందుతాయా అన్నవి అక్కడే తేలిపోతాయి. బేరం ఆడే అలవాటుంటే ధర తగ్గించమని అడిగే బదులు ఒక థర్మామీటర్ ఇప్పించమని అడగండి. మాకు చివర్లో అలాగే ఒక జత మందపాటి చేతితొడుగులు ఇచ్చారు.